ముల్క్ మిజాజ్: 1977లో మా ఇంటి ఓట్లు

కిందటి ఎన్నికల ఫలితాలొచ్చిన రాత్రి మా చిన్నోడు టీవీ ముందు నుంచి లేచొచ్చి, "అబ్బా, ముల్క్ అంతా ఇట్లాంటిదేనా?" అని అడిగాడు. వాడికి పద్నాలుగేళ్ళు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది ఇక్కడ రాయను. మీరు ఏ ఊళ్ళో కూర్చుని ఇది చదువుతున్నా, ఆ సవాల్ మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు. నేను జవాబు చెప్పలేదు. "సో జా బేటా, బహుత్ దేర్ హుయీ" అని లైటు తీసేశాను.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ రోజు పొద్దున్నుంచి డెస్కు మీద కూర్చుని నేను రాసినదంతా ఆ సవాల్‌కు జవాబే. "ఓటరు విజ్ఞత చాటాడు", "దేశం తన మనసు చెప్పింది", "చారిత్రక తీర్పు". ఇరవై ఏళ్ళ నౌకరీలో ఈ మాటలు ఎన్నిసార్లు టైపు చేశానో లెక్క లేదు. పార్టీ పేరు మారుతుంది, ఫొటో మారుతుంది, వాక్యం మారదు. కోట్ల మంది కోట్ల సబబులతో వేసిన ఠప్పాలను కలిపి, ముల్క్‌కు ఒకే ఒక దిల్ ఉన్నట్టు, అది ఒకే మాట అన్నట్టు రాసేస్తాం. పేజీ టైముకు వెళ్ళాలి కదా.

నా బచ్‌పన్‌లో నంద్యాలలో ఒక హకీం సాబ్ ఉండేవారు. కుడి చెయ్యి నబ్జ్ చూసి ఆగేవారు కాదు, ఎడమ చెయ్యి కూడా పట్టుకునేవారు. ఒక్క చెయ్యి చూసి మిజాజ్ చెప్పేవాడు నీమ్ హకీం అనేవారు. జమ్హూరియత్ గురించి మాట్లాడేటప్పుడు మన ముల్క్‌లో అందరూ చూపించే కుడి చెయ్యి 1977. "హిందుస్తాన్ అవామ్ చదువురాని వాళ్ళైనా ఆజాదీ విలువ తెలిసినవాళ్ళు, చూడండి, ఎమర్జెన్సీని ఓటుతో కూల్చేశారు" అని. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. ఎడమ చెయ్యి ఎవరిదంటే మనది, తెలుగువాళ్ళది. దాన్ని పట్టుకుని చూసినవాళ్ళు తక్కువ.

ముందు అందరికీ తెలిసిన కథ. 1975 జూన్ 25 రాత్రి ఇందిరా గాంధీ హుకూమత్ ఎమర్జెన్సీ పెట్టింది. ఆ కాగితం మీద దస్తఖత్ చేసిన సదర్ ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్. లక్ష మందికి పైగా ముకద్దమా లేకుండా జైళ్ళలో పడ్డారు. అఖ్బార్‌ల మీద సెన్సారు వచ్చింది. జులైలో ఆర్‌ఎస్‌ఎస్‌నూ జమాతె ఇస్లామీనీ నక్సలైటు గ్రూపులనూ ఒకే హుకుంతో నిషేధించారు. ఒకరి నీడ ఒకరికి పడని వాళ్ళు ఒకే బారక్‌లో నమాజూ ప్రార్థనా చేసుకున్నారు. 1976లో సంజయ్ గాంధీ ఊపుతో నస్‌బందీ ముహిమ్ నడిచింది. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. 1977 జనవరి 18న ఇందిరా గాంధీ ఎన్నికలు ప్రకటించారు, మార్చిలో పోలింగ్ అయింది, ఆమె రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో 55 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయారు. పక్కనే అమేఠీలో కొడుకూ ఓడిపోయాడు. ఉత్తరప్రదేశ్‌లో 85, బీహార్‌లో 54, పంజాబ్‌లో 13, హర్యానాలో 10, ఢిల్లీలో 7. ఈ 169 సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాజస్థాన్‌లో ఒకటి, మధ్యప్రదేశ్‌లో ఒకటి. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. 24న మొరార్జీ దేశాయ్ వజీరే ఆజం అయ్యారు.

ఇక్కడితో కథ ఆపేస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆపకండి. వింధ్య దాటి ఇవతలికి రండి.

ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లు. కాంగ్రెస్‌కు 41. కర్ణాటకలో 28కి 26. కేరళలో కాంగ్రెస్, సీపీఐ, ముస్లిం లీగ్ కలిసిన కూటమికి ఇరవైకి ఇరవై. తమిళనాడులో కాంగ్రెస్, అన్నాడీఎంకే కలిసి దాదాపు ఊడ్చేశాయి. దేశం మొత్తం మీద కాంగ్రెస్ గెలిచినవి 154. అందులో నాలుగో వంతుకు పైగా మన ఒక్క రాష్ట్రం ఇచ్చినవే. అంటే, జుల్మ్‌ను అవామ్ తిప్పికొట్టిందని ప్రపంచం చప్పట్లు కొట్టిన ఆ ఇంతెఖాబ్‌లో, జుల్మ్ చేసిన హుకూమత్‌కు అందరికంటే గట్టిగా అండగా నిలబడింది మనమే.

ఆ మిగిలిన ఒక్క సీటు మా నంద్యాల.

చిన్నప్పుడు దీని మీద నాకు భలే ఫఖర్ ఉండేది. ఉర్దూ మీడియం స్కూల్లో తారీఖ్ చెప్పే సార్ "పూరే ఆంధ్రా మే ఏక్ నంద్యాల" అన్నప్పుడు మేమంతా ఛాతీ విరుచుకున్నాం. తర్వాత తెలుగు డిగ్రీ చదివి, అఖ్బార్‌లో చేరి, పాత సంచికలు తిరగేశాక ఆ ఫఖర్ కొంచెం కరిగింది. నంద్యాలలో జనతా తరఫున నిలబడింది నీలం సంజీవరెడ్డి. ఆంధ్రప్రదేశ్ మొట్టమొదటి ముఖ్యమంత్రి, సీమ మనిషి. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో సొంత పార్టీ అభ్యర్థిగా నిలబడితే ఇందిరా గాంధీ ఆయన్ను కాదని వి.వి.గిరికి మద్దతిచ్చి ఓడించారు. ఆ జఖ్మ్ ఆయనకూ ఉంది, ఆయన మనుషులకూ ఉంది. అందుకని నంద్యాల వాళ్ళు జమ్హూరియత్ కోసం ఓటేశారా, 'మన పెద్దాయన' కోసం వేశారా అంటే, నిజాయితీగా రెండోదే ఎక్కువ అని నా అనుమానం. ఆ తర్వాత ఆయన స్పీకరయ్యారు, జులైకల్లా ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. 1979 ఆగస్టులో అదే జనతా లోక్‌సభను రద్దు చేసిన దస్తఖత్ కూడా ఆయనదే. తారీఖ్‌కు ఇలాంటి వేళాకోళాలు ఇష్టం.

ఇక మా ఇల్లు. 1977లో మా ఇంట్లో ఓటున్నవాళ్ళు దాదా, దాదీ, అబ్బా. అప్పుడు ఓటుకు 21 ఏళ్ళు నిండాలి. అబ్బాకు 24. నూనె మిల్లులో గుమాస్తా. దాదాది దర్జీ దుకాణం. ఒకే మిషన్, ఒకే బల్ల, గోడకు మక్కా ఫొటో. దాదా ఓటు ఆవూ దూడకు. అప్పటి కాంగ్రెస్ గుర్తు అదే. (తల్లీ కొడుకుల గుర్తు అని ఆ రోజుల్లో జోకులుండేవట. దక్కన్ ముసల్మాన్ ఆవు మీద ముద్ర వేసి ధైర్యంగా నిద్రపోయిన రోజులు అవి, ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.) అబ్బా ఓటు జనతాకు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పదేళ్ళ దాకా దాని గురించి మాట్లాడుకోలేదు.

ఇందులో ఆశ్చర్యం ఏమిటంటే, నస్‌బందీ సంగతి అబ్బాకు చెప్పింది దాదానే.

1976 చలికాలంలో మా మొహల్లా మస్జిద్‌కు మేవాత్ నుంచి ఒక జమాత్ వచ్చింది. తబ్లీగ్ వాళ్ళు మస్జిద్‌లో దునియా మాటలు మాట్లాడరు. సియాసత్ అసలే మాట్లాడరు. అందులో ఒక పెద్దాయన చినిగిన సద్రీ కుట్టించుకోవడానికి దాదా దుకాణానికొచ్చాడు. సూది నడుస్తున్నంత సేపూ బల్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి, తమ వైపు ఉత్తావర్ అని ఒక ఊరుంది అని మొదలుపెట్టాడట. నవంబర్‌లో ఒక తెల్లవారుజామున పోలీసులు ఊరు చుట్టుముట్టారు. లౌడ్‌స్పీకర్లో మగవాళ్ళందరూ బయటికి రావాలన్నారు. వందల మందిని లారీలెక్కించి తీసుకుపోయారు. చాలామందికి బలవంతంగా ఆపరేషన్ చేసి పంపారు. ముసలాళ్ళూ ఉన్నారు, పెళ్ళి కానివాళ్ళూ ఉన్నారు. ఇది నిజమేనని తర్వాత షా కమిషన్ విచారణలో బయటపడింది. అప్పటికి మాత్రం ఒక్క అఖ్బార్‌లో ఒక్క ముక్క రాలేదు. మేవాతీ పెద్దాయన చెప్పడం అయ్యాక "యే బాత్ యహీఁ రహ్నే దో" అని సద్రీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. దాదా డబ్బులు తీసుకోలేదు.

ఆ రాత్రి దాదా అబ్బాకు చెప్పారు. ఇంకెవరికీ చెప్పలేదు. విన్న కొడుకు జనతాకు వేశాడు. కళ్ళారా ఆ మనిషిని చూసి, చెవులారా విన్న తండ్రి ఆవూ దూడకు వేశాడు.

నాకు బుద్ధి తెలిశాక దీని గురించి దాదాను అడగలేకపోయాను, ఆయన అప్పటికి పోయారు. అబ్బాను అడిగాను. అబ్బా ఒకసారి 1987లోనో 88లోనో దాదాతో ఈ మాట తీశారట. దాదా చెప్పింది ఇంతే: "ఆ జనతాలో జనసంఘ్ వాళ్ళున్నారు. ఈమె కొడితే పోలీసు కొడతాడు. వాళ్ళు కొడితే పక్కింటోడు కొడతాడు. పోలీసు సాయంత్రానికి ఠాణాకు వెళ్ళిపోతాడు. పక్కింటోడు ఎక్కడికి పోతాడు?"

చాలా ఏళ్ళు ఈ జవాబు నాకు పిరికిదిగా అనిపించింది. ఇప్పుడు అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. కానీ దానికి సలాం కూడా చేయలేను. ఎందుకో చెప్పడానికి ఇంకొంచెం దూరం వెళ్ళాలి.

ఉత్తరాదిలో 1977 నిజంగా ఏమిటి? 1976 ఏప్రిల్‌లో పాత ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర తరాల నాటి ఇళ్ళ మీదికి బుల్డోజర్లు వచ్చాయి. అదే ఇలాఖాలో నస్‌బందీ క్యాంపు నడుస్తోంది. 19వ తేదీన జనం అడ్డుపడితే పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది చనిపోయారన్నది ఇవాళ్టికీ తేలని లెక్క. బతికినవాళ్ళను యమున అవతల త్రిలోక్‌పురి, నంద్ నగరి లాంటి ఖాళీ మైదానాల్లో దింపేశారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో ప్రాణం పోయే పరిస్థితి వచ్చినా పౌరుడికి కోర్టు తలుపు తట్టే హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఐదుగురు జడ్జీల్లో కాదన్నది ఒక్క హెచ్.ఆర్.ఖన్నా. అవునన్న నలుగురిలో ఒకరు మీర్జా హమీదుల్లా బేగ్. ఖన్నాను పక్కనపెట్టి బేగ్‌ను చీఫ్ జస్టిస్ చేశారు. ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం ఒక ముసల్మాన్‌ది, ఈ ఫైస్లాలో కలం ఇంకో ముసల్మాన్‌ది. "మనవాడు పెద్ద కుర్చీలో కూర్చుంటే ఖౌమ్ బాగుపడుతుంది" అని ఇప్పటికీ ఖుత్బా ఇచ్చినంత నమ్మకంతో చెప్పే మన పెద్దలకు ఈ రెండు పేర్లు గుర్తుచేయాలనిపిస్తుంది. ఆ ఏడాదే 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలోకి 'సెక్యులర్' అన్న మాట కూడా వచ్చింది. మాట వచ్చిన ఏడాదే తుర్క్‌మాన్ గేట్ పోయింది.

అక్టోబర్‌లో ముజఫ్ఫర్‌నగర్‌లో నస్‌బందీ మీద తిరగబడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. కానీ బాధ మనదొక్కరిదే కాదు. పల్లెల్లో దళితులు, జాట్లు, యాదవులు, కోటా నింపకపోతే జీతం ఆగిపోయే బడిపంతుళ్ళు, అందరి మెడ మీదా ఆ కత్తి ఉంది. జామా మస్జిద్ షాహీ ఇమాం అబ్దుల్లా బుఖారీ జనసంఘ్ నాయకులు నిలబడ్డ మంచ్ మీదే నిలబడి కాంగ్రెస్‌ను ఓడించమన్నారు. చాందినీ చౌక్‌లో జనతా తరఫున సికందర్ బఖ్త్ గెలిచి, ఇళ్ళ వ్యవహారాలు చూసే మంత్రి అయ్యారు. (ఆయనే 1980లో బీజేపీ పుట్టినప్పుడు అందులో చేరారు. అది మరో కథ.) హిందూ ముస్లిం ఇత్తెహాద్ అని పుస్తకాలు రాశారు దీని గురించి. అది మొహబ్బత్‌తో వచ్చిన ఇత్తెహాద్ అని నేననుకోను. ఒకే దెబ్బ ఒకే చోట తగిలితే పుట్టిన ఇత్తెహాద్. అదీ చిన్న సంగతి కాదు. కానీ ఎంత దూరం దెబ్బ తగిలిందో అంత దూరమే అది నడిచింది.

మరి మన దగ్గర దెబ్బ తగల్లేదా? నస్‌బందీ ఇక్కడా నడిచింది. ఆంధ్రప్రదేశ్ కూడా తనకిచ్చిన లక్ష్యాన్ని మించిపోయింది. కానీ ఊళ్ళను చుట్టుముట్టి మనుషుల్ని ఎత్తుకుపోయే తీరు ఇక్కడ అంతగా లేదు. ఇక్కడ ఎమర్జెన్సీ వేరే ఒంటి మీద పడింది. 1975 జులై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల్ని పోలీసులు కాల్చేశారు. ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని తర్వాత తార్కుండే కమిటీ చెప్పింది. ఆ డిసెంబర్ 1న హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతు కార్యకర్తల్ని ఉరితీశారు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. ఈ సంగతులు తెలిసినవాళ్ళు కవులు, వకీళ్ళు, కొద్దిమంది విద్యార్థులు. పెద్ద జనాభాకు తెలిసింది ఇళ్ళ స్థలాల పట్టాలు, బాకీల మాఫీ, వేళకు నడిచే రైళ్ళు, టైముకు తెరుచుకునే ఆఫీసులు. మా చిన్నదాదాకు 1976లో ఊరి బయట ఇంటి స్థలం పట్టా వచ్చింది. దాని మీద ఇందిరమ్మ దస్తఖత్ లేదు. కానీ మా ఖాందాన్‌లో ఆ కాగితాన్ని ఖురాన్ జుజ్‌దాన్ పక్కనే పెట్టేవారు.

గిరాయిపల్లి పిల్లల కోసం ఉత్తావర్ వాళ్ళు ఓటెయ్యలేదు. ఉత్తావర్ వాళ్ళ కోసం గిరాయిపల్లి చుట్టుపక్కల వాళ్ళు వెయ్యలేదు. 1980లో ఇందిరా గాంధీ మళ్ళీ నిలబడినప్పుడు రాయ్‌బరేలీతో పాటు ఎంచుకున్న సీటు ఏది? మెదక్. జనతా తరఫున జైపాల్ రెడ్డి నిలబడితే 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. రెండింట్లో మెదకే ఉంచుకున్నారు. రాష్ట్రంలో మళ్ళీ 42కి 41.

"సెన్సారు ఉంది కదా, తెలియక వేశారు" అంటారు మన మిత్రులు. ఈ వాదనను నేను కూడా ఒకప్పుడు వాడాను. పూర్తిగా తప్పు కాదు. కానీ దాదాకు తెలుసు కదా! ఇంకా పెద్ద మిసాల్ కావాలంటే కేరళ చూడండి. ఇంటింటికీ అఖ్బార్ వెళ్ళే రాష్ట్రం. 1976 మార్చిలో కోళిక్కోడ్ ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్‌ను పోలీసులు ఎత్తుకుపోయి క్యాంపులో చంపేశారు. తండ్రి ఏడాది పాటు తలుపు తలుపూ తట్టాడు. 1977 మార్చిలో కేరళ అదే కూటమిని ఇరవై ఎంపీ సీట్లతో, అసెంబ్లీలో 140కి 111 సీట్లతో గెలిపించింది. ఎన్నికలయ్యాక ఆ తండ్రి హైకోర్టుకు వెళ్తే నిజం బయటపడింది, కొత్త ముఖ్యమంత్రి కరుణాకరన్ దాదాపు నెల రోజులకే దిగిపోవాల్సి వచ్చింది. ఒక్క బాప్, ఒక్క కాగితం. కోటి ఓట్లు చేయని పని చేశాయి.

తెలియడానికీ, తెలిసింది ఓటుగా మారడానికీ మధ్య ఏదో ఉంది. ఆ మధ్యన ఉన్నదాన్నే నేను ముల్క్ మిజాజ్ అంటాను. అది గెలిచిన పార్టీ పేరులో కనపడదు.

లెక్కలు కూడా ఒకసారి చూడండి. జనతాకు 295 సీట్లు, కాంగ్రెస్‌కు 154. సగానికి సగం కదా. ఓట్లలో? జనతాకు నూటికి 41, కాంగ్రెస్‌కు నూటికి 34కు పైన. ఓట్లుగా చెబితే ఏడు కోట్ల ఎనభై లక్షలు ఒకవైపు, ఆరున్నర కోట్లు ఇంకోవైపు. ముల్క్ జుల్మ్‌ను తిప్పికొట్టిందని మనం అంటున్న ఆ రోజున, వేసిన ప్రతి మూడు ఓట్లలో ఒకటి జుల్మ్ చేసిన పార్టీకే పడింది. ఇప్పుడు మన వైపు తిప్పండి. ఆంధ్రప్రదేశ్ మ్యాపులో జనతాకు ఒక్క చుక్కే ఉంది. కానీ ఓట్లలో దాదాపు మూడో వంతు వాళ్ళవి. శ్రీకాకుళంలో, కరీంనగర్‌లో, గుంటూరులో ఎంతమంది అబ్బాలు ఉండి ఉంటారు! 41 అన్న అంకె వాళ్ళందరినీ మింగేసింది. సున్నా అన్న అంకె ఉత్తరప్రదేశ్‌లో ఎంతమంది దాదాలను మింగిందో.

దాదా జవాబుకు సలాం చేయలేనన్నాను. తర్వాత ఏమైందో చూస్తే ఆయన మాట అచ్చం నిజమైనట్టే కనపడుతుంది. జనతా హుకూమత్‌లో వాజపేయి విదేశాంగ మంత్రి, అద్వానీ సమాచార మంత్రి. 1978లో మైనారిటీస్ కమిషన్ పెట్టిందీ ఆ హుకూమతే, అదీ రాయాలి. కానీ ఆ ఏడాదే అలీగఢ్‌లో, 1979 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లో ఫసాదులు. పక్కింటోళ్ళు కొట్టారు. 1980లో ఇందిరమ్మ తిరిగొచ్చింది. ఆగస్టు 13, ఈద్ రోజు, మొరాదాబాద్ ఈద్‌గాహ్‌లో నమాజులో ఉన్న జనం మీద పోలీసులు కాల్చారు. దాదా చెప్పిన లెక్కే. ఆమె వస్తే పోలీసు, వాళ్ళు వస్తే పక్కింటోడు. మొరాదాబాద్ వార్త రేడియోలో విన్న సాయంత్రం దాదా దుకాణం మూసేసి, మగ్రిబ్ అయ్యాక కూడా చాలాసేపు మస్జిద్‌లోనే కూర్చున్నారని అబ్బా చెప్పారు. ఏ మాటా అనలేదట. లెక్క నిజమైనంత మాత్రాన లెక్క వేసినవాడికి సుకూన్ దొరకదు.

మనవాళ్ళు అప్పటినుంచి ఇప్పటిదాకా ఓటేసేది ఈ లెక్కతోనే. ఎవరు తక్కువ కొడతారు? మీ ఇంట్లో, మా ఇంట్లో, ఫ్యామిలీ గ్రూపులో, ఎన్నికల ముందు నడిచే బహస్ ఏదైనా తీసుకోండి, చివరికి అక్కడికే వస్తుంది. దీన్ని తప్పనను. దెబ్బలు తిన్నవాడికి దెబ్బల లెక్క తెలియకపోతే ఎలా? కానీ దాదాకు ఆ రోజు దుకాణంలో ఇంకో లెక్క కూడా ఎదురుగా కూర్చుని ఉంది, చినిగిన సద్రీ వేసుకుని. ఆయన డబ్బులు తీసుకోకుండా ఆ లెక్క సరిచేసుకున్నారు. అబ్బా ఠప్పాతో సరిచేసుకున్నారు. ఇద్దరిలో ఎవరు ఖౌమ్‌కు మేలు చేశారని అడిగితే నేను చెప్పలేను. ఇద్దరిలో ఎవరిలా ఉండాలని నా కొడుక్కి నేర్పిస్తావని అడిగితే మాత్రం చెప్పగలను.

ఈ కథంతా మొన్న జుమా నమాజ్ అయ్యాక, బిర్యానీ తింటూ వాడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఫోను చూసుకోలేదు, అదే ఎక్కువ. చివర్లో, "మూడు ఓట్లు అన్నావు కదా అబ్బా. దాదా ఓటు చెప్పావు, దాదాజాన్ ఓటు చెప్పావు. మూడోది?" అన్నాడు. వాడి దాదా అంటే మా అబ్బా, వాడి దాదాజాన్ అంటే మా దాదా.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఈ కిస్సా ఎంతమందికి చెప్పానో. మూడు ఓట్లు అని మొదలుపెట్టి రెండింటితో ముగించేవాణ్ణి.

అబ్బాకు ఫోన్ చేశాను. "మా దాదీ ఎవరికి వేసింది అప్పుడు?" అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "హమే పూఛే నై రే" అన్నారు. ఫుప్పూకు చెయ్యమన్నారు. ఫుప్పూకు అప్పుడు పన్నెండేళ్ళు, దాదీ బుర్ఖా పట్టుకుని పోలింగ్ బూత్‌కు తనే వెంట వెళ్ళిందట. ఎవరికి వేసిందో ఫుప్పూకు కూడా తెలియదు. కానీ ఒకటి గుర్తుంది అంది. వేలికి సిరా పూసి కాగితం చేతికిచ్చాక, దాదీ అక్కడి ఆఫీసరును తెలుగులో అడిగిందట: "అయ్యా, ఇది మళ్ళా మా ఇంటాయనకు చూపిస్తారా?" చూపించమమ్మా, ఎవరికీ చూపించం అన్నాడట ఆయన.

"అయితే సరే" అని దాదీ గుడ్డ చాటుకు వెళ్ళిందట.